ఇంటిపట్టున నుండు తల్లి దినచర్య

“రోజంతయు ఇంటిలోనే ఉందువు కదా, ఏమి చేయుచుందువు?” అను ప్రశ్న విననివారు ఇంటిపట్టున బిడ్డలను పెంచు తల్లులలో అరుదు. అడుగువారి మనస్సులో చెడుతలంపు ఉండకపోవచ్చును. అడిగినది దూరపు బంధువు కావచ్చును, పొరుగింటి పెద్దమనిషి కావచ్చును, ఒక్కొక్కప్పుడు కడుపున పుట్టిన బిడ్డయే కావచ్చును. అంతకంటె కలవరపెట్టు సంగతి వేరొకటి ఉన్నది. రాత్రి నడుము వాల్చినపుడు ఆ ప్రశ్ననే మనకు మనము వేసికొందుము, సమాధానము తోచదు. తెల్లవారినది మొదలు ఊరక కూర్చుండలేదని కాళ్లు చెప్పుచునే ఉండును. చేసిన పని యేది అని చూచినచో కంటికి ఏమియు కానరాదు.

ఇది మన అసమర్థత కాదు. ఇంటిపని స్వభావమే అట్టిది. నేతగాని మగ్గముపై సాయంకాలమునకు జానెడు బట్టయైనను పెరుగును. కుమ్మరి చేసిన కుండలు వరుసగా ఎండలో ఆరుచు కనిపించును. వండిన అన్నము మాత్రము మధ్యాహ్నము దాటునప్పటికి ఉండదు. తోమిన గిన్నె రాత్రికి మరల ఎంగిలియగును. ఉతికిన చొక్కా మరునాడు బురదతో ఇల్లు చేరును. చక్కగా జరిగిన ఇంటిపనికి గుర్తు ఏమనగా, అది జరిగినట్లు ఎవరికిని తెలియకపోవుటయే. జరుగనినాడే అది అందరి కంట పడును.

కావున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. తల్లి తన దినమును తీర్చిదిద్దుకొనుటకు మొదట చేయవలసినది ఎక్కువ పని కాదు. చేయుచున్న పనిని కంటికి కనబడునట్లు చేయుట. కనబడిన పనిని క్రమములో పెట్టవచ్చును, నలుగురితో పంచుకొనవచ్చును, అక్కరలేనిదానిని మానుకొనవచ్చును. కనబడని పనిని మోయుట తప్ప వేరు గతి లేదు.

దేశము ఈ పనిని లెక్కించుటకు ఇటీవలనే పూనుకొన్నది. 2011 జనాభా లెక్కలలో తమ ముఖ్యవృత్తి ఇంటిపని యని చెప్పిన స్త్రీలు 15 కోట్ల 98 లక్షలమందికి పైబడియుండగా, అట్లు చెప్పిన పురుషులు సుమారు 58 లక్షలమంది మాత్రమే. 2021 జనవరిలో ఒక మోటారు ప్రమాదమునకు సంబంధించిన నష్టపరిహారపు వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అందు మన తెలుగువారైన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారు ప్రత్యేకముగా వ్రాసిన అభిప్రాయములో ఈ అంకెలనే ఉదాహరించి, గృహిణి పనికి ఆర్థికమైన విలువ కట్టుట న్యాయమని వివరించిరి. 2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో జీతము లేని ఇంటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును అందు గడుపుచున్నట్లు తేలినది. 15 మొదలు 59 ఏండ్ల లోపువారిలో పిల్లలను, వృద్ధులను, రోగులను కనిపెట్టుకొని యుండుటకు స్త్రీలు 140 నిమిషములును, పురుషులు 74 నిమిషములును వెచ్చించుచున్నారు. కోర్టునకును, సర్వేవారికిని కనబడిన పని మన ఇంటివారికిని, మనకును కనబడవలదా?

ఇక సలహాలు. పని తెమలుట లేదన్న తల్లికి సాధారణముగా లభించు సలహా “ఇంకొక గంట ముందుగా లేవరాదా?” అనునది. మేము దీనితో ఏకీభవింపము. పెద్దవారికి దినమునకు కనీసము ఏడు గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుదురు. రాత్రి తొమ్మిదికే పడుకొనగలిగినవారు నాలుగు గంటలకు లేచిన బాగుగనే యుండును. పదునొకండు వరకు గిన్నెలు సర్దుచున్న తల్లి నాలుగింటికి లేచుట నిద్రవద్ద అప్పు చేయుట. మధ్యాహ్నమునకు తలనొప్పి రూపమునను, సాయంకాలమునకు బిడ్డపై విసుగు రూపమునను ఆ అప్పును తీర్చవలసి వచ్చును. నిండిన బస్తాలో ఇంకను గింజలు కూరుట దినచర్య కాదు.

ఇంటిపనిలో రెండు పాళ్లున్నవి. ఒకటి చేతులతో చేయు పని, రెండవది మనస్సుతో చేయు పని. వంట, ఊడ్పు, ఉతుకు మొదటివి. గ్యాస్ బండ ఎన్నినాళ్లు వచ్చును, అత్తగారి రక్తపుపోటు మాత్రలు ఎన్ని మిగిలినవి, బడి రుసుము గడువు ఏనాడు, చంటిపిల్లకు తరువాతి టీకా ఎప్పుడు, రేపటి ఇడ్లీకి మినపప్పు నానవేసితిమా లేదా అని జ్ఞాపకముంచుకొనుట రెండవది. చేతిపనిని పనిమనిషియో, యంత్రమో కొంత తగ్గింపవచ్చును. ఈ జ్ఞాపకముల బరువు మాత్రము తల్లి తలలోనే ఉండి నిద్రలోను కదలుచుండును. 2011లో మాసికాంపో, బౌమీస్టర్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్తలు ఒక పరిశోధనను ప్రకటించిరి. పూర్తికాని పని మనస్సును మాటిమాటికి అడ్డగించుననియు, దానిని ఎప్పుడు, ఎట్లు చేయవలెనో స్పష్టముగా నిర్ణయించుకొనినంతనే, పని ఇంకను కాకున్నను, ఆ అడ్డగింపు తగ్గుననియు అందు తేలినది. పద్దు వ్రాసికొనినవారు మరచిపోవుదుమేమోయను భయము లేక నిద్రించుట మనము ఎరిగినదే.

కనుక మొదట ఒక నోటుపుస్తకము తీసికొందము. ఒక వారముపాటు ఏమియు మార్చక, మనము చేసిన పనులను, జ్ఞాపకముంచుకొనిన సంగతులను రాత్రి పది నిమిషములు కూర్చుండి అందు వ్రాయుదము. వారము గడచునప్పటికి ప్రతిదినము తప్పని పనులేవి, వారమునకొకసారి చాలునవి యేవి, ఏటికొకసారి వచ్చునవి యేవి అనునది తేటపడును. “ఈ పని ఎందుకు చేయుచున్నామో మనకే తెలియదు” అనదగినవియు ఒకటి రెండు కనబడును. ఎవరును వాడని గాజుసామాను ప్రతి శుక్రవారము తుడుచుట వంటివానిని అక్కడనే కొట్టివేయవచ్చును.

దినమునకు ముందుగా కొన్ని మేకులు కొట్టి యుంచవలెను. మేకులనగా మన వశములో లేని వేళలు: కుళాయి నీళ్లు వచ్చు వేళ, బడి బస్సు వచ్చు వేళ, భర్త క్యారియరు సిద్ధము కావలసిన వేళ, పిల్లలు ఇల్లు చేరు వేళ. వీనిని వ్రాసి, రెండు మేకుల నడుమ మిగిలిన ఖాళీలను చూడవలెను. అనేక గృహములలో బస్సు వెడలిన తరువాత ఒక ఖాళీ, మధ్యాహ్న భోజనము తరువాత ఒక ఖాళీ దొరకును. నిలిచి చేయవలసిన బరువు పనులు మొదటి ఖాళీలోను, కూర్చుండి చేయు పనులు రెండవదానిలోను పెట్టుకొనుట దేహమునకు సుఖము. తప్పని నిత్యపనులు గాక, ఒక దినమునకు మూడు పనులకు మించి కొత్తవి వ్రాసికొనరాదు. పది వ్రాసి నాలుగు చేసినవారికి ఓడితిమను దిగులు మిగులును. మూడు వ్రాసి మూడును చేసినవారికి మరునాటికి ఉత్సాహము మిగులును.

చంటిబిడ్డ తల్లికి ఈ మేకులు పనికిరావు. నెలల బిడ్డ రాత్రింబగళ్లలో కలిపి ఎనిమిది మొదలు పన్నెండు పర్యాయములు పాలు త్రాగును. గడియారమును నమ్మి వేసికొనిన ప్రణాళిక ఆ తల్లిని ఏడిపించుటకే పనికివచ్చును. ఆమెకు కావలసినది వేళలు కాదు, వరుస. బిడ్డ నిద్రించిన వెంటనే మొదట తాను తినుట, తరువాత తాను కొంత నిద్రించుట, ఇంకను సమయమున్నచో ఏదైన ఒక పని. ఎన్నిగంటలకైనను ఈ వరుస మారకున్న చాలును. టీకాల తేదీలను మాత్రము గోడమీది పంచాంగములో ముందే గుర్తించి యుంచవలెను: పుట్టినపుడు వేసినవి గాక ఆరవ వారము, పదవ వారము, పదునాల్గవ వారము, తరువాత తొమ్మిదవ నెల. అవి తల్లి ఒక్కతె జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు కావు.

వంటింటి విషయమున ఒక చిన్న సూత్రము ఉన్నది. మనము దగ్గర లేకున్నను తమంతట తాము జరుగు పనులను ముందుగా మొదలుపెట్టవలెను. పప్పు నానుట, పిండి పులియుట, కుక్కరులో ఉడుకుట, వడియములు ఎండుట, యంత్రములో బట్టలు తిరుగుట ఇట్టివి. మినపప్పును మధ్యాహ్న భోజనమైన వెంటనే నానవేసినచో నాలుగైదు గంటలలో, దీపములు పెట్టు వేళకు, రుబ్బుటకు సిద్ధమగును. రుబ్బిన పిండి రాత్రియంతయు పులిసి తెల్లవారునప్పటికి పొంగును. వేసవిలో త్వరగా పులియును, చలికాలమున ఆలస్యమగును. కావున మార్గశిర పుష్యమాసములలో కొంత ముందుగా రుబ్బి, గిన్నెను వెచ్చని చోట ఉంచవలెను. కుక్కరులో ఒత్తిడి పెరిగి నీరు సుమారు 120 డిగ్రీల వేడి వరకు పోవును. మామూలు గిన్నెలో 100 డిగ్రీలు దాటదు. ఈ ఇరువది డిగ్రీల భేదమే మనకు సమయమును, గ్యాసును మిగుల్చును. ఒకదానిపై నొకటిగా గిన్నెలు పెట్టి అన్నము, పప్పు, దుంపకూర ఒకేసారి దింపవచ్చును. కుక్కరు పొయ్యిమీద నుండగా కూర తరుగుట, తరుగుచుండగా పిల్లవానిచేత ఎక్కములు అప్పజెప్పించుకొనుట మన తల్లులు ఎరిగిన విద్యయే. దానిని అదృష్టమునకు విడువక క్రమముగా అమర్చుకొందమని మా మాట.

“దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మ”న్నారు పెద్దలు. ఉదయపు హడావిడికి మందు ముందురాత్రియే ఉన్నది. కూర ఏమిటో నిర్ణయించుట, పిల్లల బట్టలు, మేజోళ్లు ఒకచోట పెట్టుట, పుస్తకముల సంచి వారిచేతనే సర్దించుట కలిపి ఇరువది నిమిషముల పని. ఇదే పని ఉదయము చేసినచో అరువది నిమిషములు పట్టినట్లుండును. ఏలయన అప్పుడు ఇంటిలో అందరును ఒక్కసారిగా అమ్మను పిలుతురు.

వారమునకును, ఏటికిని ఇట్టి క్రమమే. రైతుబజారునకు వారమునకు రెండు దినములు నిర్ణయించుకొని, తెచ్చిననాడే ఆకుకూరలు బాగుచేసి బట్టలో చుట్టి పెట్టినచో తక్కిన దినములలో సగము పని తగ్గును. ఇస్త్రీ ఒకనాడు, పక్కబట్టలు ఒకనాడు. ఏటి పేజీలో చింతపండు, ఎండుమిరపకాయలు కొను మాసములు, ఆవకాయకు వేసవి, జూన్ నెలలో బడులు తెరచుటకు ముందు పుస్తకములు, బట్టలు, సంక్రాంతికి ముందు బూజులు దులుపుట వ్రాసికొందము. ఆవకాయ, పరీక్షలు, పుట్టింట పెండ్లి ఒకే వారమున వచ్చి పడబోవుచున్నవని రెండు నెలల ముందే తెలిసినచో, వానిలో ఒకదానిని జరుపుటకో, మరొకరి సహాయము కోరుటకో వ్యవధి యుండును.

ఇంతవరకు చెప్పినది తల్లి తనంత తాను చేసికొనదగినది. ఇక్కడితో ఆగినచో ప్రయోజనము సగమే. నేర్పు పెరిగినకొలది ఇంటివారు మరికొన్ని పనులను ఆమెకే అప్పగింతురు. కావున ఆ వారపు పేజీని పుస్తకములో దాచక వంటింటి గోడకు అంటింపవలెను. అది ఫిర్యాదు కాదు, ఇంటి పద్దు. చదువ నేర్చిన ప్రతివారును దానిని చూడవలెను.

పంచుకొనుటలో ఒక మెలకువ అవసరము. “కొంచెము సహాయము చేయుడు” అని అడిగినచో చేతిపని మాత్రమే చేతులు మారును. జ్ఞాపకము మనవద్దనే మిగులును. కూరలు తెమ్మని చెప్పి, ఏ కూరలో, ఎంతెంతయో, సంచి యెక్కడనో మనమే చెప్పవలసివచ్చినచో తగ్గినదేమి? పనిని మొదటినుండి చివరివరకు అప్పగింపవలెను. గ్యాస్ బండ భర్తదైనచో, ఎప్పుడు అయిపోవునో గమనించుట, తెప్పించుట, రసీదు దాచుట అన్నియు ఆయనవే. మామగారు రెండు పూటల మొక్కలకు నీరు పోయుటయే గాక మనుమని బడి బస్సు వేళను కూడ తమదిగా చేసికొనవచ్చును. ఆరేండ్ల పిల్ల తన కంచమును తీసివేయగలదు, పదేండ్ల పిల్లవాడు తన పక్క సర్ది, ఉతికిన బట్టలు మడువగలడు. ఆడపిల్లకు ఒక పట్టిక, మగపిల్లవానికి ఒక పట్టిక వ్రాయరాదు. నేడు మన ఇంట కంచము తీయని కుమారుడు ఇరువది ఏండ్లకు ఇంకొక తల్లి దినమును భారము చేయును.

అప్పగించిన తరువాత మనమును ఒకటి నేర్చుకొనవలెను. వారు మడిచిన తువాలు మన మడతవలె ఉండదు. భర్త చేసిన చారులో ఉప్పు కొంత హెచ్చవచ్చును. “ఇంతకంటె నేనే చేసికొనుట మేలు” అనుమాట నోట వచ్చిననాడు ఆ పని తిరిగి మన యొడిలో పడును. మడత వంకరపోయినను తువాలు తడి తుడుచును గదా!

ఇక ఆ పట్టికలో తప్పక వ్రాయవలసినవి రెండు ఉన్నవి. అవి సాధారణముగా ఎవరును వ్రాయరు. మొదటిది తల్లి భోజనవేళ. అందరు తినిన తరువాత గిన్నె అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొనుట మన ఇండ్లలో వాడుక. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మనదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. దీనికి కారణములు పెక్కు. ఆహారపు లోపము అందొకటి. తోటకూర, రాగిజావ, పప్పు తల్లికంచములోనికి కూడ రావలెను. నిమ్మరసము, ఉసిరికాయ తోడైనచో ఆకుకూరలలోని ఇనుము దేహమునకు బాగుగ పట్టును. భోజనమైన వెంటనే త్రాగు టీ ఆ ఇనుమును పట్టనీయదు. దానిని ఒక గంట వెనుకకు జరుపుట మంచిది. అలసట ఎల్లప్పుడును పని హెచ్చుటవలననే కలుగదు. నెలలు గడచినను తగ్గని అలసటకు దినచర్య మందు కాదు. వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించుకొనవలెను.

రెండవది ఆమె సొంత సమయము. అరగంటయైనను చాలును. దానికి పేరు పెట్టి, వేళ పెట్టి గోడమీది పట్టికలో వ్రాయవలెను. పేరులేని సమయమును ఎవరైనను తీసికొందురు. సంగీతము, కుట్టుపని, పుస్తకము, నడక ఏదైనను సరే, లేక ఏమియు చేయక కూర్చుండుటయైనను సరే. దినమునకు అరగంట చొప్పున ఏటికి 182 గంటలకు పైబడును. పెండ్లితో చదువు ఆగిన తల్లులు మనలో ఎందరో ఉన్నారు. హైదరాబాదులో 1982లో ఏర్పడి, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడచుచున్న సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశములో మొట్టమొదటిది. ఇంటినుండియే చదివి పట్టము పొందుటకు ఇట్టి సంస్థలు వీలు కల్పించినవి. ఆగిన చదువును తిరిగి మొదలుపెట్టుటకు కావలసిన గంటలు ఎక్కడనో లేవు. ఆ అరగంటలలోనే ఉన్నవి. బిడ్డలు పెరిగి ఎవరి దారిని వారు వెడలిన పిమ్మట తల్లి చేతిలో ఏమి మిగులునను ప్రశ్నకు నేటి అరగంటయే జవాబు చెప్పవలెను.

ఎంత చక్కని పట్టికయైనను చెదరు దినములు ఉండును. బిడ్డకు జ్వరము వచ్చును, చెప్పకుండ చుట్టములు దిగుదురు, మోటారు చెడి నీళ్లు ఆగిపోవును. అట్టి దినముల కొరకు వేరుగా ఒక చిన్న పేజీ ఉంచుకొందము. అందు నాలుగే మాటలు: అన్నము, మంచినీళ్లు, మందులు, బిడ్డ. ఆనాడు పెరుగన్నము, ఊరగాయ విందుభోజనమే. నేల తుడుపు ఆగవచ్చును, ఇస్త్రీ ఆగవచ్చును. మరునాడు పాతబాకీగా వానిని నెత్తిన వేసికొనక, వాని వారము తిరిగి వచ్చువరకు విడిచిపెట్టవలెను. పట్టిక మనకొరకు, మనము పట్టికకొరకు కాదు.

చివరగా ఒక మాట. రాత్రి పుస్తకము తెరచినపుడు మిగిలిన పనులకంటె ముందుగా అయిన పనులను చూచుకొందము. ముగ్గురికి అన్నము పెట్టితిమి, ఒకరి జ్వరము దిగినది, ఒక పాఠము వచ్చినది, ఒక మందు వేళకు అందినది అని వ్రాసికొందము. ఇవి చిన్నవి కావు; ఒక కుటుంబము ఆనాటికి నిలిచినది వీని వలననే. “ఏమి చేయుచుందువు?” అని మరల ఎవరైనను అడిగినచో వాదింపనక్కరలేదు, నొచ్చుకొననక్కరలేదు. గోడమీది కాగితమును చూపి, “ఇందులో మీకు నచ్చిన పని ఒకటి తీసికొనుడు” అని నవ్వుచు చెప్పిన చాలును.